ఇంటింటి సూదిపని: దాని పూర్వోత్తరములు



మా యింట పడమటి గదిలో కిటికీ ప్రక్కన ఒక బల్ల కలదు. ఈ యుదయమున దానిమీద మూడు పనులు సగము సగముగా పడియున్నవి. మొదటిది రెండు పొడవైన సూదులకు వ్రేలాడుచున్న చిన్న ఊలుచొక్కా. అది మా కోడలి చెల్లెలికి పుట్టబోవు బిడ్డకొఱకు. రెండవది చేతులతికింపక మిగిలిన రవికె. మూడవది చట్రములో బిగించిన పట్టుగుడ్డ. దానిపై యంత్రము నెమలిని మెడవఱకు కుట్టి, నీలిదారము తెగుటచే నిలిచిపోయినది. ఈలోపల పొయ్యిమీద పప్పు పొంగుచుండెను, పిల్లవాడు బడికి పోవలసియుండెను, వీథిలో కూరలబండి వచ్చియుండెను.

"మూడింటిలో దేనిని ముందు ముగించెదవమ్మా?" అని యడిగితిని.

"ఏది ముందు కావాలంటే అది, మామయ్యగారూ. అయినా ఇవేమైనా పనులా? తీరిక వేళ చేసుకునేవేగా!" అని యామె పప్పు దింపుటకు పోయినది.

ఆ "తీరిక" అను మాట నన్ను నాడంతయు విడువలేదు. రేడియోవారు చారిత్రకవిషయమొకటి మాటలాడుమని కోరినప్పుడు, కోటలను గూర్చియు శాసనములను గూర్చియు చెప్పగలవారు పెక్కురున్నారుకదా యని, నేనీ బల్లమీది మూడు పనుల పూర్వోత్తరములను చెప్పుటకు నిశ్చయించుకొంటిని.

సూది మిక్కిలి ప్రాచీనమైన పనిముట్టు. సైబీరియాలోని దెనిసోవా గుహయందు దొరకిన బెజ్జముగల ఎముకసూది 40,000 ఏండ్లకు పైబడినదని పురాతత్త్వవేత్తలు చెప్పుచున్నారు. కుండకంటెను సేద్యముకంటెను సూది ముందు పుట్టినదన్నమాట. మన వాఙ్మయమున ఋగ్వేదము రెండవ మండలమునందే, రాకాదేవతను స్తుతించుచోట, సూదియు కుట్టుటయు వచ్చినవి. అమరసింహుడు కుట్టుపనివానికి తున్నవాయుడనియు సౌచికుడనియు రెండు పేర్లు చెప్పి, స్త్రీలు ధరించు చోళమును కూర్పాసకమును వేఱుగ పేర్కొన్నాడు. కనుక ప్రాచీనభారతీయులకు కుట్టిన బట్ట తెలియదనియు, అది తురుష్కులతో వచ్చినదనియు కొందఱు వ్రాయునది సత్యము కాదు. వైదికకర్మలయందు కుట్టిన బట్ట పనికిరాదను ఆచారమును చూచి వారట్లు భ్రమపడియుందురు. లేని వస్తువును నిషేధింపవలసిన పనియేమి?

వాత్స్యాయనుడు చెప్పిన అఱువదినాలుగు కళలలో సూచీవానకర్మము ఒకటి. దానికి జయమంగళావ్యాఖ్య వ్రాసిన యశోధరుడు ఆ పనిని మూడుగా విభజించెను. కంచుకాదులను కుట్టుట సీవనము, చినిగిన బట్టలను బాగుచేయుట ఊతనము, పఱపులమీది కప్పుడుబట్టలు మొదలగువానిని కూర్చుట విరచనము. విద్యార్థిదశలో ఈ పంక్తిని వల్లెవేసినప్పుడు నాకిందులో విశేషమేమియు తోపలేదు. ఇప్పుడు చూడగా ఆ మూడును మా తల్లి పెట్టెలో నుండెడివి. కుట్టవలసిన రవికెగుడ్డ ఒకటి, చినిగిన చొక్కాయొకటి, పాతచీరలతో అడ్డకుట్లు వేయుచున్న బొంత యొకటి. సంస్కృతమున కంథ యనునదే మన బొంత. వంగదేశీయులు ఆ పేరును నేటికిని నిలుపుకొని, దానిమీద పూవులను పక్షులను కుట్టి లోకప్రసిద్ధి పొందినారు. మన స్త్రీలు బొంతలో కుట్టు నిలుచుటయే చాలుననుకొనిరి. మన లంబాడీ స్త్రీలు మాత్రము అట్లనుకొనలేదు. అద్దములు, గవ్వలు, రంగుదారములు చేర్చి వారు కుట్టిన రవికెలను చూచినవారు కుట్టుపని పేదఱికమునకు గుర్తు అను మాటను మఱల పలుకరు.

ఇక అల్లిక. రెండు సూదులతో ఒకే దారమును కన్నులుకన్నులుగా అల్లు ఈ విద్యకు మన భాషలో ప్రత్యేకమైన పేరు లేదు. చాపకును బుట్టకును జడకును వాడు మాటనే దీనికిని వాడుచున్నాము. పేరు లేకపోవుటయే ఇది తరువాత వచ్చినదనుటకు సాక్ష్యము. ఐగుప్తుదేశమున దొరకిన నూలుమేజోళ్లు ఈ విద్యకు మిక్కిలి పాత గురుతులు. అటనుండి ఐరోపాకు పోయి, చలిదేశములలో అది పేదల జీవనాధారమైనది. ఇంగ్లండు ఉత్తరభాగమున దెంట్ అను లోయయందును, షెట్లండు దీవులయందును స్త్రీలు నడచుచు, పశువులను తోలుచు, వీపున తట్టనిండ వంటచెఱకు మోయుచు అల్లెడివారు. ఇది యెట్లు సాధ్యమని మీకు సందేహము కలుగవచ్చును. దెంటువారు నడుమున ఒక చెక్క యొరను, షెట్లండువారు బెజ్జములుగల తోలుపట్టెను కట్టుకొని, ఒక సూది మొదలు దానిలో గ్రుచ్చెడివారు. ఆ సూది కదలక నిలుచును గనుక ఒక చేయి తేలికపడును. ఒక పని చేయుచునే మఱియొక పని చేయుటకు మానవుడు కనిపెట్టిన ఉపాయములలో ఇంత చౌకయైనది నేను వినలేదు.

అయితే ఆ శ్రమకు ఫలమేమి? షెట్లండులో వర్తకులు అల్లికకు రొక్కమియ్యక, తమ అంగడిలోని తేయాకో గుడ్డయో ఇచ్చెడివారు. రొట్టెపిండి కావలసిన స్త్రీకి గుడ్డ దొరకెడిది. దానిని ఆమె పొరుగువారికి నష్టమునకు మార్చుకొనవలసివచ్చెడిది. 1872లో బ్రిటిషు ప్రభుత్వమువారు నియమించిన విచారణసంఘమువారి నివేదికలో ఆ స్త్రీలు స్వయముగ చెప్పిన వాఙ్మూలములున్నవి. పని ఇంటిలో జరుగును గనుక కూలికి లెక్క లేదు, కూలికి లెక్క లేదు గనుక దొరకినదే చాలుననవలె. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు. షెట్లండునుండి గోదావరికి దూరమెక్కువయైనను ఈ మాట అంత దూరమును వచ్చినది.

అల్లికకు యంత్రమును కనిపెట్టినవాడు విలియం లీ యను క్రైస్తవపురోహితుడు. 1589లో ఇంగ్లండులోని కాల్వర్టను గ్రామమున ఆయన మేజోళ్లను అల్లు యంత్రము చేసెను. తాను వలచిన కన్య తన మాటలు వినక ఎంతసేపును అల్లుచునే యుండుటచే కోపించి దీనిని చేసెనని అచటివారు చెప్పుకొందురు. కథ నిజమైనను కాకపోయినను, ఎలిజబెత్తురాణి ఆయనకు హక్కుపత్రమియ్యలేదు. చేతియల్లికతో బ్రతుకు పేదలు చెడుదురని ఆమె శంకించెనందురు. లీ ఫ్రాంసుకు పోయి అచటనే గతించెను.

కుట్టుయంత్రము కథయు ఇంచుమించుగ నిట్టిదే. ఫ్రాంసుదేశీయుడగు తిమోన్యె యను దర్జీ 1830లో తన యంత్రమునకు హక్కు పొంది, పారిసులో ఎనుబది యంత్రములతో సైనికుల యుడుపులు కుట్టించెను. మఱునాటి యేడే పారిసు దర్జీలు గుంపుగా వచ్చి వానిని ధ్వంసము చేసిరి. అమెరికాలో వాల్టరు హంటు అను నతడు యంత్రము చేసియు, కుట్టుపనితో జీవించు స్త్రీల నోట మన్ను పడునని హక్కు కోరక విడిచెనందురు. ఈ హంటే మన స్త్రీలందఱు నెఱిగిన పిన్నీసును 1849లో కల్పించి, దాని హక్కును 400 డాలర్లకు అమ్ముకొన్నాడు. 1846లో ఎలియాస్ హో యను పేదకార్మికుడు మొనయందు బెజ్జముగల సూదిని, క్రిందినుండి రెండవ దారమును తెచ్చు నాడెను కూర్చిన యంత్రమునకు హక్కు పొందెను. ఇందలి సూక్ష్మమిది. చేతిసూదికి బెజ్జము మొదట నుండును, మొన ముందుపోగా దారము వెనుక పోవును, సూది అంతయు గుడ్డను దాటవలెను. యంత్రపు సూదికి బెజ్జము మొనయందే యుండుటచే, సూది కొంచెము దిగి దారపుచుట్టు నొకదానిని క్రింద విడిచి మఱల పైకి లేచును. ఆ చుట్టులోనుండి నాడె రెండవ దారమును దూర్చును. ఇంతమాత్రమునకు మానవజాతికి 40,000 ఏండ్లు పట్టినది.

1851లో ఐజాక్ సింగరు హక్కు పొందెను. 1856నుండి ఆయన భాగస్వామి యంత్రములను వాయిదాలమీద నిచ్చు పద్ధతి పెట్టెను. నేడు మనము వాయిదాలమీద కొనని వస్తువు లేదు, ఆ పద్ధతి సామాన్యుల ఇండ్లకు ముఖ్యముగ కుట్టుమిషనుతోడనే వచ్చినది. పందొమ్మిదవ శతాబ్ది ముగియులోపల సింగరుమిషను మన పట్టణములకును వచ్చినది. 1930ల దశకములో కలకత్తానుండి ఉషామిషను వెలువడుటతో స్వదేశీయంత్రము నింట నుంచుకొను భాగ్యమును కలిగినది. యంత్రములను తీవ్రముగ విమర్శించిన గాంధీమహాత్ముడు సైతము 1924లో సింగరుమిషనును మినహాయించి, అది మానవులు కనిపెట్టిన బహుకొద్ది ఉపయోగకరవస్తువులలో నొకటియనిరి. భార్య చేతితో కుట్టుచు పడు శ్రమను చూడలేక సింగరు ప్రేమతో దానిని చేసెననియు వారు చెప్పిరి. మహాత్ముని హృదయము అట్టిది. చరిత్రకారుడు మాత్రము, కుట్టుపనితో ఇల్లు నడుపు భార్యను చూచి యంత్రమును తలపోసిన కథ సింగరుకంటె హోకు ఎక్కువగ నొప్పుననవలసియున్నది. సింగరునకు పలువురు స్త్రీలయందు ఇరువదిమందికి పైగా సంతానము. ఆయన గృహచరిత్రము రేడియోలో విస్తరించి చెప్పదగినది కాదు.

1860 ప్రాంతమున ఒక అమెరికను యంత్రశాలవారు ప్రకటించిన లెక్క యొకటి కలదు. పురుషుని చొక్కా యొకటి చేతితో కుట్టుటకు 14 గంటల 26 నిమిషములు, యంత్రముతో 1 గంట 16 నిమిషములు. అమ్ముకొనువారి లెక్క గనుక కొంత తగ్గించి తీసికొన్నను లాభము గొప్పదే. మిగిలిన పదుమూడు గంటలు ఏమైనవి? ఇంటి స్త్రీకి అవి దక్కలేదు. చొక్కాలు పెరిగినవి. గౌనులకు కుచ్చులు, మడతలు, అంచులు పెరిగినవి. మన యిండ్లలోను అంతే. మా తల్లికి పెట్టెలో నాలుగు రవికెలుండెడివి, మా కోడలికి ప్రతి చీరకు నొకటి కావలెను. యంత్రము పనిని త్వరపెట్టినది గాని తగ్గింపలేదు. ఇంకొక భేదమును కలదు. చేతిపని మనిషివెంట నడచును, యంత్రమువద్దకు మనిషి నడువవలెను. అల్లికసూదులను ఒడిలో పెట్టుకొని పసిబిడ్డను నిదురపుచ్చవచ్చును. మిషను త్రొక్కుచు అది సాధ్యము కాదు. బహుశః అందుచేతనే ఏ యింట చూచినను రెండును ఉన్నవి. ఒకటి ఆగినపుడు మఱియొకటి సాగును.

యంత్రముతో పూవులు కుట్టు విద్య ఐరోపా నడుమ పుట్టినది. 1828లో ములూజు నగరమున హైల్మను అను నతడు రెండువైపుల మొనయు నడుమ బెజ్జమును గల సూదులను వరుసగా నిలిపి, ఒక చిత్రమును పలుచోట్ల నొక్కసారి కుట్టు యంత్రమును చేసెను. అది స్విట్జర్లండులోని సెయింట్ గాలు ప్రాంతమున రైతుల యిండ్లలోనికి చేరినది. యజమాని యంత్రము నడుపగా భార్యయు పిల్లలును కూర్చుండి వందలకొలది సూదులకు దారమెక్కించెడివారు. 1863లో గ్రోబ్లి యను స్విస్సుదేశీయుడు నాడెతో నడచు ఎంబ్రాయిడరీయంత్రమును చేసెను. నాడె చిన్నపడవవలె నుండుటచే దానికి "షిఫ్లి" యని పేరు, వారి మాటలో చిన్నపడవ యని యర్థము. మన యిండ్లలో స్త్రీలు దీనికి సులభోపాయమును పట్టిరి. త్రొక్కుడుమిషనుకు నొక్కుడుపాదమును ఊడదీసి, గుడ్డను గుండ్రని చట్రములో బిగించి, రెండు చేతులతో దానిని సూదిక్రింద కదపుచు పూవు వేయుదురు. ఇక్కడ సూది కుంచెకాదు, గుడ్డయే కుంచెవలె కదలును. ఇరువదవ శతాబ్ది చివఱి దశకమునుండి గణకయంత్రముతో నడచు మిషనులు ఇండ్లకు వచ్చినవి. ఇప్పుడు చట్రమును యంత్రమే కదపుచున్నది. మనిషి దారము మార్చవలె, తెగినప్పుడు అతుకవలె, ప్రక్కన నుండి చూడవలె. ఒకవైపు మగ్గము వర్కు చేయు చేతిపనివారు, మఱియొకవైపు ఈ కంప్యూటరు మిషనులు. పెండ్లిండ్ల రోజులలో మన యూళ్లలో ఉభయులకును క్షణము తీరదు.

ఇప్పుడు గోదావరికి వత్తును. 1845 మొదలు ఐర్లండులో బంగాళాదుంపల పంట చెడి మహాక్షామము వచ్చినప్పుడు, కొక్కెపుసూదితో లేసు అల్లుట అచటి స్త్రీలకు కన్యాశ్రమములవారు నేర్పిన ప్రాణాధారమైనది. ఆ పందొమ్మిదవ శతాబ్దిలోనే మిషనరీల కుటుంబస్త్రీలు నరసాపుర ప్రాంతమున పేదస్త్రీలకు లేసుపని నేర్పిరి. క్రమముగా అది క్రైస్తవుల యిండ్లనుండి తక్కిన వారి యిండ్లకు వ్యాపించినది. గడప దాటి కూలికి పోరాని ఆచారముగల కుటుంబములలో స్త్రీకి ఇంట కూర్చుండి చేయదగిన పని యిదియొక్కటే యయ్యెను. నూలుండను ఏజెంటు తూచి యిచ్చును. కొందఱు చిన్న చిన్న పూవులను అల్లుదురు, మఱికొందఱు వానిని జతచేయు అతుకుపని చేయుదురు. సరకు వర్తకునికి, వర్తకునినుండి ఓడకు.

మా తల్లి ఆ పని చేసినది. ఆమె చేతిసంచిలో లేసెప్పుడును ఉండెడిది. అన్నము ఉడుకునపుడు పది కన్నులు, పాలవాని కొఱకు ఎదురుచూచునపుడు ఒక వరుస, మధ్యాహ్నము ఇల్లు సద్దుమణిగినపుడు మిగిలినది. సాయంకాలము వెలుతురు తగ్గిన పిదప బొంత, దానికి కంటిచూపు అంతగా అక్కఱలేదు. ఇరుగుపొరుగువారి రవికెలు చేతిమిషనుమీద. నేను గణితపు పుస్తకము చివఱిపుటలో ఆమె లెక్కలు వ్రాసెడివాడను. నూలు ఎంత, పూవులెన్ని, ఎన్నిటిని మాసినవని త్రోసిరి, చేతికి వచ్చినదెంత. "రాసుకో నాయనా, మళ్లీ అడిగితే ఆయన ఒప్పుకోడు" అనెడిది. ఆయన వ్రాసినను ఒప్పుకొనెడివాడు కాడు.

1981 ఫిబ్రవరిలో జనగణన జరిగెను. అప్పుడే ఉద్యోగములో చేరిన ఉపాధ్యాయుడను గనుక నాకును ఆ పని పడినది, మా వీథియే నా పాలికి వచ్చినది. ఇల్లిల్లు తిరిగి వ్రాసితిని. గడచిన యేడు పని చేసినారా యని ప్రశ్న. స్త్రీలు లేసును ఒడిలో పెట్టుకొనియే "లేదండీ, ఇంటిపనే" అనిరి. నేను గృహకృత్యములని వ్రాసితిని. మా యింటి వంతు వచ్చినప్పుడు తల్లిని అడుగనే లేదు. అడుగవలసిన అవసరము తోపలేదు. ఆమె ప్రక్కగదిలో అతుకుపని చేయుచుండగా, ఆమె లెక్కలు వ్రాసిన ఈ చేతితోడనే, పని లేనివారి వరుసలో చేర్చితిని.

మఱుసటి సంవత్సరము, 1982లో, మేరియా మీస్ అను జర్మను సమాజశాస్త్రవేత్త రచించిన నరసాపురపు లేసుపనివారిని గూర్చిన పుస్తకము లండనులో అచ్చుపడినది. ఆమె మా ప్రాంతపు గ్రామములలో నుండి, స్త్రీలతో కూర్చుండి, గంటలను లెక్కించినది. ఇంటిపని గాక దినమునకు ఆఱునుండి ఎనిమిది గంటలవఱకు వీరు లేసు అల్లుచున్నారనియు, విదేశములకు ఎగుమతియగు పరిశ్రమ యొకటి వీరిమీద నిలిచియుండగా వీరిని "గృహిణులు" అనియు వీరి శ్రమను "తీరికవేళ" అనియు పిలుచుటచేతనే కూలి అంత తక్కువగ నిలిచినదనియు ఆమె నిరూపించినది. ఆ పుస్తకము నాకు చాల యేండ్లకుగాని లభింపలేదు. చదువుచుండగా మొదట కోపము వచ్చినది, పరదేశపు స్త్రీ వచ్చి మా యింటి గుట్టు చెప్పుటయాయని. పిమ్మట పాత గణితపు పుస్తకమును వెదకి తీసితిని. చివఱిపుటలలోని పూవులను లెక్కించి, ఒక్కొక్క పూవునకు ఆమెకు పట్టు సమయమును నేనెఱుగుదును గనుక, గుణించి చూచితిని. దినమునకు ఆఱు గంటలకు తక్కువ రాలేదు. అప్పటికి మా తల్లి లేదు.

నరసాపురపు లేసుకు 2024లో భౌగోళికసూచిక గుర్తింపు లభించినది. సంతోషమే. వస్తువు పుట్టిన చోటిని చట్టము గుర్తించినది. చేసిన గంటలను గుర్తించు పత్రము ఇంకను ఎచటను అచ్చుపడినట్లు లేదు.

ఈ ప్రసంగమును వ్రాసి ముగించి, మా కోడలికి చదివి వినిపించితిని. ఆమె ఊలుచొక్కా మెడ ముగించుచు వినుచుండెను. ఈమాఱు జనగణనవారు వచ్చినప్పుడు ఏమని చెప్పెదవమ్మా యని యడిగితిని. వెంటనే బదులు చెప్పలేదు. వ్రేళ్లమీద ఏవో లెక్కించుకొన్నది. కన్నులో గంటలో నాకు తెలియలేదు.

"పొద్దున నుంచి ఎన్నిసార్లు కూర్చున్నానో ఎన్నిసార్లు లేచానో తెలిస్తేగా, మామయ్యగారూ," అని, "మీరు ఇంట్లోనే ఉంటారుగా, ఆ పాత పుస్తకంలాంటిది ఇంకోటి పెట్టి రాయండి" అన్నది. ఇంతలో ఎవరో రవికె కొఱకు వచ్చి వాకిట నిలిచి పిలిచిరి.